కదలని కారుకు నెలనెలా కప్పం

కారు లేదంటే జాలిపడే మనుషులను చూస్తే ఒళ్లు మండుతుంది. షోరూమ్ గేటు దాటగానే దాని విలువ పడిపోతుంది, అప్పు వాయిదా మాత్రం రవ్వంత కూడా తగ్గదు. బీమా, సర్వీసు, టైర్లు, పార్కింగ్... ఇంత మేపినా అది రోజులో ఎక్కువ గంటలు కదలకుండా పడి ఉంటుంది! బస్సులో వెళ్తానంటే మాత్రం "ఇంకా ఎన్నాళ్లిలా?" అంటారు. వాయిదాలు కట్టేవారిని ఆ మాట అడగరేం?

పోనీ, కొన్నదాంతో ఊరుకోనిస్తారా? 1920ల్లోనే అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఏటా తన కార్ల రూపురేఖలు మార్చి, బాగా నడుస్తున్న కారు మీదే యజమానికి మొహం మొత్తేలా చేసింది. ఇప్పటికీ అదే ఎత్తు, అదే బుట్టలో మనం. ఆపై దానికి తగ్గ సీటు కవర్లు, సువాసన సీసాలు, చివరికి దాన్ని నిలపడానికి చోటున్న పెద్ద ఇల్లు కూడా కావాలట!