సవరణ: విడాకులు 1955లో పుట్టలేదు

మొన్నటి పోస్టులో "1955 హిందూ వివాహ చట్టం వచ్చేదాకా మన పల్లెల్లో విడాకులే లేవు, ఇప్పటి పిల్లలకే తెగింపు ఎక్కువైంది" అని రాసిన. తప్పు. దేవరకొండ దిక్కున ఉండే మా నాయనమ్మ చదివించుకొని ఒకటే నవ్వు: "మరి ఇడుపు కాయితాలు, మారుమనువులు ఎవలు చేసుకున్నరనుకున్నవ్‌రా?" చాలా కులాల్లో కులపెద్దల ముందట తెగదెంపులు చేసుకొని మళ్లీ మనువాడేవాళ్లు. ఆ చట్టం కూడా 29వ సెక్షన్‌లో ఆచారపు విడాకులను అట్లనే ఉంచింది. పై కులాల ఇండ్ల కట్టుబాటును నేను ఊరంతటికీ అంటగట్టిన. ఆడోళ్లు కల్లు తాగే సంగతీ అంతే. నాయనమ్మ ఈడు ఆడోళ్లు తాటివనంల కూసొని తాగితే ఎవరూ ముక్కున వేలేసుకోలేదట. చదువుకొని పట్నం చేరిన మా అమ్మకే అది నామోషీ. ఆ పోస్టులోంచి పైన చెప్పిన వాక్యం మొత్తం తీసేసిన, మిగతాది మార్చలేదు.