జానెడు ఖాళీ గారికి ఒక ఉత్తరం

శ్రీయుత జానెడు ఖాళీ గారికి,

ఉభయ కుశలోపరి. నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ స్నేహంగా కూర్చున్న ప్రతి బెంచీ మీదా మీకు డ్యూటీ పడుతుంది, ఎంతమందినని గుర్తుపెట్టుకుంటారు పాపం.

ఆరో తరగతి దాకా నేనూ, మా క్లాసు అబ్బాయొకడూ ఆనుకునే కూర్చునేవాళ్లం. ఒక రబ్బరును స్కేలు అంచుతో కోసి చెరి సగం తీసుకున్నాం, సమానంగా తెగలేదని రెండు రోజులు మాటలు కూడా మానేశాం, అయినా ఎవరూ దానికి అర్థాలు వెతకలేదు. ఏడో తరగతిలో ఒక సోమవారం వచ్చి చూస్తే మా మధ్య మీరు కూర్చుని ఉన్నారు.

అందరూ మీ రాకను హార్మోన్ల ఖాతాలో రాసేస్తారు. వాటికీ వాటా ఉందిలెండి. ఈడొచ్చేటప్పటి ఆ మార్పులు సాధారణంగా అమ్మాయిల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయట, అందుకే ఒకే క్లాసులో ఒకరు ముందు, ఒకరు వెనక. నేను ఏడాది తిరక్కుండానే వాడి నెత్తి మీదుగా బోర్డు చూసేంత పొడుగయ్యాను. వాడి గొంతు మారడం మొదలయ్యాక పాఠం చదవమంటే సగం వాక్యం వాడిది, మిగతా సగం వాళ్ల నాన్నది. పాత రోజులైతే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని, వాడు జడ లాగేవాడు, లెక్క సరిపోయేది. మీరు పక్కనున్నారు కాబట్టి నవ్వు మింగేసి పుస్తకంలోకి చూశాను.

కానీ హార్మోన్లకి ‘ఓహో...’ అని రాగం తీయడం రాదు కదండీ. అది మా క్లాసు తీసింది. హాజరు పట్టీలో వాడి పేరు వస్తే అందరి తలలూ నా వైపు తిరిగేవి. పెద్దవాళ్లు ఇంకాస్త మర్యాదగా, ‘మీ ఇద్దరి మధ్యా ఏం లేదు కదా?’ అన్నారు. ఏం లేదన్నాం. అనగా అనగా నిజంగానే ఏం లేకుండా పోయింది.

ఆ తర్వాత వాడికి రబ్బరు కావాలంటే, జానెడు దూరంలో ఉన్న నన్ను వదిలేసి వెనక బెంచీ వాళ్లకి చెప్పేవాడు, వాళ్లు నన్ను అడిగితే నేను వాళ్లకిస్తే వాళ్లు వాడికిచ్చేవాళ్లు. కోర్టు నోటీసు కూడా అంత తిరగదు.

డెక్స్టర్ డన్‌ఫీ అనే సామాజికవేత్త సిడ్నీ కుర్రకారును గమనించి 1963లో రాశాడు: మొదట అబ్బాయిల జట్టు వేరు, అమ్మాయిల జట్టు వేరు, తర్వాత రెండూ గుంపుగా కలుస్తాయి, చివరికి జంటలవుతాయి. అంటే మీది టెంపరరీ పోస్టేనన్నమాట. పెద్దయ్యాక మేమూ గుంపులో కలిసి తిరిగాం. కానీ ఆ మెట్లలో మాకు ఏదీ సరిపోలేదు. మేం జట్టూ కాదు, జంటా కాదు, ఊరికే ఇద్దరం.

మొన్న చాలా ఏళ్ల తర్వాత కలిశాడు. ‘ఆ రోజు నువ్వే కదా పక్కకి జరిగావు?’ అన్నాడు. నువ్వే అన్నాను. కాసేపు వాదించుకున్నాం, గొంతు స్థిరంగానే ఉంది వాడిది. ఇద్దరి మధ్యా సీటు మీద వాడి బ్యాగు ఉంది. వాడు తీయలేదు, నేనూ తీయమనలేదు. దాని కింద మీరు కులాసాగానే ఉన్నారనుకుంటాను.

ఇట్లు,
సగం రబ్బరు (చిన్న ముక్క)