అంగీకారం తల్లిదండ్రులది, బాధ్యత ఎవరిది?

పిల్లల చేతిలోని ఫోన్‌కు ఎవరు కాపలా కాయాలన్న ప్రశ్న తలెత్తిన ప్రతిసారీ వాదులాట రెండు పక్షాలుగా చీలిపోతోంది. పెంపకం తల్లిదండ్రుల పని, అందులో ప్రభుత్వం తలదూర్చరాదని ఒకరు. ఇది ఇంటివారి శక్తికి మించిన వ్యవహారం కనుక చట్టమే అడ్డుకట్ట వేయాలని మరొకరు. అసభ్య సమాచారం మైనర్లకు చేరకుండా అమెరికా 1996లో తెచ్చిన చట్టంలోని కీలక నిబంధనలను, పెద్దల వాక్‌స్వాతంత్య్రానికి అవి భంగకరమంటూ ఆ దేశ సుప్రీంకోర్టు మరుసటి ఏడాదే కొట్టివేసింది. అదే కోవకు చెందిన మరో చట్టం 2004లో విచారణకు వచ్చినప్పుడు అదే కోర్టు, తల్లిదండ్రులు ఇంట్లో అమర్చుకునే ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ శిక్షల కన్నా మెరుగైన మార్గం కావచ్చని అభిప్రాయపడింది. కంప్యూటర్ ఇంట్లో ఒక మూలన ఉండి, పిల్లవాడు వెతికితే తప్ప ఏదీ కంటపడని రోజుల్లో ఆ మాట చెల్లింది.

ఇప్పుడు పిల్లలు వెతకనక్కర లేదు. వెతుక్కుంటూ వచ్చేది ఆన్‌లైన్ సేవల సంస్థలే. ఒక వీడియో ముగిసిందో లేదో మరొకటి మొదలు కావడం (ఆటోప్లే), వేలితో ఎంత జరిపినా పేజీకి అంతు లేకపోవడం, అర్ధరాత్రి దాటినా నోటిఫికేషన్లు మోగుతూ ఉండటం ఏ ఇంట్లోనూ తీసుకున్న నిర్ణయాలు కావు. పిల్లలు ఎంతసేపు చూస్తే అంత ఆదాయం గనుక, ఆ పని మీదే కూర్చున్న నిపుణులు తీర్చిదిద్దిన ఏర్పాట్లవి. వాటి ఎదుట ఒక తల్లినో తండ్రినో ఒంటరిగా నిలబెట్టి, బాధ్యత నీదేనని చెప్పడం న్యాయం కాదు. పిల్లల వయసుకు తగ్గట్టు ఆన్‌లైన్ సేవలను రూపొందించాలన్న బ్రిటన్ నియమావళికి తగ్గట్టు మారేందుకు సంస్థలకు ఇచ్చిన గడువు 2021 సెప్టెంబరులో ముగియనుండగా, దానికి ముందు నెలలోనే యూట్యూబ్ 13 నుంచి 17 ఏళ్ల వారికి ఆటోప్లేను ముందస్తుగా ఆపి ఉంచుతామని ప్రకటించింది. ఇళ్లలో ఎన్ని మందలింపులు జరిగినా రాని మార్పు అది.

అయితే చట్టమన్నంత మాత్రాన ప్రతిదానికీ తలూపలేం. ఆన్‌లైన్ ఆటలు ఆడకుండా 16 ఏళ్ల లోపు వారిని అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు గంటల వరకు కట్టడి చేస్తూ దక్షిణ కొరియా 2011లో నిబంధన తెస్తే, పిల్లలు తల్లిదండ్రుల గుర్తింపు సంఖ్యలతో లాగిన్ అయ్యారు. ఆ నిబంధన వర్తించని మొబైల్ ఆటలకు మళ్లారు. పదేళ్ల తర్వాత ప్రభుత్వమే దాన్ని రద్దు చేసుకుంది. వయసు నిర్ధారణదీ ఇలాంటి చిక్కే. ఎవరు పిల్లలో తేల్చాలంటే అందరి వయసూ అడగాలి. అంటే పెద్దలు సైతం గుర్తింపు కార్డునో ముఖం ఫొటోనో ఎవరికో అప్పగించాలి. పిల్లల సమాచారాన్ని కాపాడబోయి అందరి సమాచారాన్నీ ఒకచోట కుప్ప పోయడాన్ని రక్షణ అనగలమా?

మా దృష్టిలో అన్నిటికన్నా బలహీనమైన కట్టడి తల్లిదండ్రుల అంగీకారమనే తంతు. 13 ఏళ్ల లోపు పిల్లల సమాచారం సేకరించాలంటే అది తప్పనిసరని అమెరికా 1998లోనే చట్టం చేసింది. దాన్ని ఉల్లంఘించారన్న అభియోగంపై 2019లో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది గానీ, పుట్టిన సంవత్సరాన్ని వెనక్కి జరిపి ఖాతా తెరవడం అప్పుడూ ఆగలేదు, ఇప్పుడూ ఆగలేదు. ఆ అబద్ధపు ఏడాదిని నమోదు చేసే చేయి తల్లిదండ్రులదే అయిన ఇళ్లు కూడా తక్కువేమీ కాదు. భారత్ 2023లో చేసిన వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరికీ ఈ అంగీకారాన్ని విధించింది. దానికన్నా విలువైనది అదే చట్టంలో ఉన్న మరో మాట: పిల్లల కదలికలపై నిఘా పెట్టరాదు, వారిని గురిచూసి ప్రకటనలు గుప్పించరాదు. ఇది తల్లిదండ్రుల తెలివితేటలపై ఆధారపడదు. చదువు రాని తల్లి బిడ్డకైనా, రెండు ఉద్యోగాలతో తీరిక లేని తండ్రి బిడ్డకైనా సమానంగా వర్తిస్తుంది. అంతా ఇంటికే వదిలేస్తే, అన్నీ తెలిసిన తల్లిదండ్రులున్న పిల్లలకే రక్షణ దక్కుతుంది.

చట్టం చేయలేని పని ఒకటుంది. నిన్నటిదాకా వసపిట్టలా వాగిన పిల్ల ఇవాళ ఎందుకు మౌనంగా ఉందో ఇంట్లోవారే గమనించాలి. ఆన్‌లైన్‌లో ఎవరో బెదిరిస్తున్నారని చెబితే ముందు ఫోన్ లాక్కుంటారన్న భయం ఉన్న పిల్లలు నోరు విప్పరు. బెదిరించేవారికి పెట్టుబడి ఆ భయమే. మారాం చేసే పసివాడికి ఫోన్ ఇచ్చి ఊరుకోబెట్టి, వాడికి పద్నాలుగేళ్లు వచ్చాక అదే ఫోన్ గురించి హితబోధ చేస్తే చెవికెక్కదు.

16 ఏళ్ల లోపు వారికి సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండరాదన్న ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. ఉల్లంఘించిన సంస్థకు 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జరిమానా పడుతుంది. పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు, తల్లిదండ్రులు సరేనన్నా మినహాయింపు లేదు. భారాన్ని సంస్థలపై మోపడం వరకు సరైన దారే. కానీ ఖాతా లేకుండా చూడగలిగే వీడియోల జోలికి ఆ చట్టం వెళ్లలేదు. అవి ఎవరి ఫోన్‌లో, ఎంతసేపు, ఎవరి పక్కన కూర్చుని చూస్తున్నారన్నది ఇంకా ఆ ఇంటి లెక్కలోనే ఉంది.