డెస్డిమోనా చేతికి పార

కళాకారులను తూచి గౌరవించడంలో ఇంగ్లీషు జాతికి సాటి రాగల జాతి మరొకటి లేదని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం. నిదర్శనం కావాలనేవారు 1981వ సంవత్సరాన్ని పరిశీలించవచ్చు. ఫెలిసిటీ కెండల్ అనే నటి అప్పటికి రెండేళ్లుగా లండన్ నేషనల్ థియేటర్‌లో వరసగా పెద్ద వేషాలు కడుతున్నారు. 1979లో ‘అమెడియస్’ నాటకంలో సంగీతకారుడు మొట్సార్ట్ భార్య అయ్యారు. 1980లో పాల్ స్కోఫీల్డ్ ఒథెల్లోగా నటించగా ఆయన చేతిలో చనిపోయే డెస్డిమోనా అయ్యారు. 1981లో టామ్ స్టాపార్డ్ కొత్త నాటకం ‘ఆన్ ది రాజిల్’లో ఏకంగా కుర్రవాడి వేషమే వేశారు. ఇంత విస్తారమైన కృషిని గమనించకుండా ఉండగల దేశం కాదు కనుక, ఆ ఏడాదే ఆమెకు ‘రియర్ ఆఫ్ ది ఇయర్’ అనే బిరుదు దక్కింది. తెలుగులో సంవత్సర నితంబ పురస్కారం అనుకోవచ్చు.

ఇది విని నవ్వే హక్కు మనకు లేదు. మన ప్రబంధ కవులు నాయికను ఆపాదమస్తకం వర్ణించేటప్పుడు ఆ భాగానికీ ఒక పద్యం కేటాయించినవారే. కాకపోతే కళ్లకూ, కురులకూ, నడకకూ కూడా తలా ఒకటి రాసి లెక్క సరిచేశారు. ఇంగ్లీషువారు పొదుపరులు. ప్రబంధమంతా పక్కన పెట్టి ఆ ఒక్క పద్యమే ఉంచుకున్నారు.

అసలు ఈ నటి రంగప్రవేశమే నియమ విరుద్ధంగా జరిగిందని విన్నవించుకోవాలి. 1946 సెప్టెంబరు 25న ఇంగ్లండులోని ఓల్టన్‌లో పుట్టిన ఈమెను తొమ్మిదో నెలలోనే ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకంలో రంగస్థలం మీదికి ఎత్తుకొచ్చారు. వేషం ఏమిటంటే, ఒక హిందూదేశపు రాజు దగ్గర నుంచి ఎత్తుకొచ్చిన పసివాడు. ఆ పిల్లవాడి కోసం దేవకన్యల రాజూ రాణీ పోట్లాడుకుంటారే తప్ప, షేక్‌స్పియర్ వాడికి ఒక్క మాట కూడా రాయలేదు, రంగం మీదికి రమ్మనీ అనలేదు. అంటే మహాకవి రాయడం మరిచిన పాత్రతో ఆమె వృత్తి మొదలైంది. సురభి వారి నాటకాలు చూసిన తెలుగువారికి ఇందులో వింతేమీ కనిపించదు. నాటకమే కులవృత్తి అయిన ఇంట్లో బిడ్డ ఉయ్యాల దిగేది నేరుగా తెర వెనక్కే.

తండ్రి అసలు పేరు జెఫ్రీ బ్రాగ్. ఇంగ్లీషులో ఆ ఇంటిపేరు గొప్పలు చెప్పుకోవడంలా చెవిన పడుతుంది. నటుడికి అంతకన్నా ఒప్పే ఇంటిపేరు దొరకదు. అయినా ఆయన దాన్ని వదిలేసి, తాను పుట్టిన కెండల్ అనే ఊరి పేరును ఇంటిపేరు చేసుకున్నారు. ఊరి పేర్లనే ఇంటిపేర్లుగా మోస్తున్న మన వేలాది కుటుంబాల వారు ఈ ఒక్క కారణానికైనా ఆయనను తమలో కలుపుకోవచ్చు. ఆయన, భార్య లారా, కుమార్తెలు జెన్నిఫర్, ఫెలిసిటీ కలిసి ‘షేక్‌స్పియరానా’ అనే నాటక సమాజంతో భారతదేశమంతా తిరిగారు. ఇవాళ మహారాజుల ముందు, రేపు బడిపిల్లల ముందు. నటనలో పట్టా లేదు, శిక్షణాలయం లేదు, హాజరు పట్టిక లేదు. ఇలాంటి అనర్హురాలిని రంగస్థలం మీద ఉండనిచ్చినందుకు ఏ నాటక కళాశాలా కోర్టుకెక్కలేదంటే అది వారి ఔదార్యం.

ఆ సంచార జీవితం ఆధారంగానే 1965లో జేమ్స్ ఐవరీ ‘షేక్‌స్పియర్ వాలా’ సినిమా తీశారు. తల్లిదండ్రులు తల్లిదండ్రులుగానే నటించారు. కూతురు లిజీ పాత్రలో ఫెలిసిటీ ప్రేమించే యువకుడు శశి కపూర్. నిజజీవితంలో ఆయన అప్పటికే ఆమె అక్క జెన్నిఫర్ భర్త, అనగా సాక్షాత్తూ బావగారు. బావామరదళ్ల సరసం తెలుగువారికి కొత్తగా పరిచయం చేయవలసినది కాదు కనుక ముందుకు పోదాం. ఆ సినిమా బాధంతా ఒక్కటే: సినిమా వచ్చి నాటకాన్ని మింగేస్తున్నది. అందులో ఒక దృశ్యంలో ‘ఒథెల్లో’ నడుస్తుండగా ఒక సినిమా తార ఆలస్యంగా వచ్చి కూర్చుంటుంది; ప్రేక్షకుల తలలన్నీ వేదిక నుంచి ఆమె వైపు తిరుగుతాయి. ఆ తారగా నటించిన మధుర్ జాఫ్రీకి బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. నాటకాన్ని చెడగొట్టిన పాత్రకు పతకం, నాటకం ఆడుతున్న పిల్లకు చివరి దృశ్యంలో ఇంగ్లండు వెళ్లే ఓడ. న్యాయనిర్ణేతలు సినిమా సారాంశాన్ని ఇంత కచ్చితంగా అమలుపరచడం అరుదు.

నిజంగానే ఇంగ్లండు చేరిన ఫెలిసిటీ 1974లో అలన్ ఎయిక్‌బోర్న్ రాసిన ‘ది నార్మన్ కాంక్వెస్ట్స్’ నాటకత్రయంలో నటించారు. ఆ మరుసటి ఏడాది, 1975 ఏప్రిల్‌లో, బీబీసీలో ‘ది గుడ్ లైఫ్’ అనే హాస్య ధారావాహిక మొదలైంది. ఇక్కడ కొంచెం ఆగాలి.

కథ ఇది. పొద్దున ఫలహారంగా పాలలో వేసుకునే సీరియల్ గింజల పొట్లాల్లో వేసే ప్లాస్టిక్ బొమ్మలకు నమూనాలు గీసే టామ్ గుడ్ అనే ఉద్యోగికి నలభై ఏళ్లు నిండుతాయి. జ్ఞానోదయమై ఉద్యోగం మానేసి, సర్బిటన్ అనే మధ్యతరగతి కాలనీలో ఉన్న సొంతింటి ముంగిలీ పెరడూ తవ్వి పంట వేస్తాడు. పందులు వస్తాయి, జెరల్డీన్ అనే మేక వస్తుంది, లెనిన్ అనే కోడిపుంజు వస్తుంది. బఠాణీ తొక్కలతో వైన్ తయారుచేస్తారు. పేడ నుంచి గ్యాసు తీసి దానితో కరెంటు పుట్టిస్తారు. మన పల్లెల్లో గోబర్‌గ్యాసు గొయ్యి తవ్వుకున్న రైతును ఎవరూ హాస్యనటుడని పిలవలేదు. ఇంగ్లండులో అదే పని 30 భాగాల ధారావాహిక అయింది. ఆఖరి భాగం 1978లో రాణీగారి సమక్షంలో చిత్రించారు. (సర్బిటన్ అని చెప్పి తీసింది నార్త్‌వుడ్‌లో, కలగూరలు ఎక్కడైనా ఒకటే.)

ఇందులో నవ్వు పుట్టించే మాటల్లో సింహభాగం పక్కింటి మార్గోవి, అంటే పెనెలోపి కీత్‌వి. టామ్ భార్య బార్బరాగా ఫెలిసిటీకి అప్పగించిన పని వేరు. సుఖంగా కాలం గడుస్తున్న ఇల్లాలు, ఒక రాత్రి భర్తకు తట్టిన ఆలోచన విని, తెల్లారి నుంచి బురద బూట్లు వేసుకుని పందుల దొడ్డి కడుగుతుందంటే ప్రేక్షకుడు నమ్మాలి. కథ మొత్తంలో నమ్మశక్యం కాని విషయం అదొక్కటే. ఆమె నమ్మించారు. ఎంతగా నమ్మించారంటే, దేశంలో సగం మంది పురుషులకు తమ భార్యలు కూడా ఒప్పుకుంటారనే భ్రమ కలిగి ఉంటుంది. అది నటన అని ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే ఆమె మరో నటి అయ్యేవారు. తోచలేదు గనుక పక్కింటి అమ్మాయి అయ్యారు. పక్కింటి అమ్మాయి నటిస్తానంటే ఎవరు ఊరుకుంటారు?

1982లో స్టాపార్డ్ ‘ది రియల్ థింగ్’ నాటకంలో ఆమెకు ఆనీ అనే పాత్ర రాసిచ్చారు. ఆ నాటకం మొదటి దృశ్యం చూసి ప్రేక్షకుడు అది నిజమైన కాపురమనే అనుకుంటాడు. రెండో దృశ్యంలో గాని అది నాటకంలోని నాటకమని తెలియదు. బార్బరా విషయంలో దేశానికి ఆ రెండో దృశ్యం ఎవరూ చూపించలేదు. 1988లో ‘హాప్‌గుడ్’లో గూఢచారిణి అయ్యారు, 1989లో ‘మచ్ అడూ ఎబౌట్ నథింగ్’, ‘ఇవానోవ్’ నాటకాలకు ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికవారి ఉత్తమ నటి బహుమతి అందుకున్నారు. ఆమె పెళ్లిళ్ల లెక్క పత్రికలవారు ఎంతో శ్రద్ధగా రాసుకున్నారు కనుక ఇక్కడ మళ్లీ కూడనవసరం లేదు.

ఈ సందర్భంలో అక్క సంగతి కూడా చెప్పాలి. చెల్లెలికి పై బిరుదు దక్కిన 1981లోనే జెన్నిఫర్, అపర్ణా సేన్ తీసిన ‘36 చౌరంగీ లేన్’లో షేక్‌స్పియర్ పాఠం చెప్పే ఒంటరి వృద్ధ ఉపాధ్యాయినిగా నటించారు. తీరా చూస్తే ఆ కుటుంబంలో భారతదేశంలో ఉండిపోయిన బిడ్డకు షేక్‌స్పియర్ మిగిలాడు, షేక్‌స్పియర్ పుట్టిన దేశానికి వెళ్లిన బిడ్డకు బురద బూట్లు మిగిలాయి.

స్టాపార్డ్ వంటి మేధావి కూడా చివరికి జాతి అభీష్టానికి తలొగ్గినట్టే కనిపిస్తుంది. 1993లో ఆయన ‘ఆర్కేడియా’ నాటకంలో ఆమెకు ఇచ్చిన పాత్ర హానా జార్విస్. ఈ హానా పనేమిటి? ఒక పాత జమీందారీ తోట చరిత్రను పరిశోధించడం. గణితమూ బైరన్ కవిత్వమూ కలగలిసిన నాటకంలో కూడా ఆమెను తోట దగ్గరికే పంపారు. 1995లో ‘ఇండియన్ ఇంక్’లో 1930 నాటి భారతదేశానికి వచ్చిన ఇంగ్లీషు కవయిత్రి అయ్యారు, పేరు ఫ్లోరా, అంటే పూలదేవత. అదే ఏడాది ప్రభుత్వం నాటక రంగ సేవకు సీబీఈ అనే గౌరవ బిరుదు ఇచ్చింది. పురస్కారం శరీరంలో ఫలానా భాగానికని ప్రత్యేకించకపోవడం విశేషం.

2003లో ఆమెకు 57 ఏళ్లు వస్తున్న తరుణంలో, ఐటీవీ అనే టీవీ సంస్థవారు ‘రోజ్‌మేరీ అండ్ థైమ్’ అనే కొత్త ధారావాహిక మొదలుపెట్టారు. ఫెలిసిటీ మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త, పామ్ ఫెరిస్ మాజీ పోలీసు. ఇద్దరూ ఊరూరా తోటలు బాగుచేస్తుంటారు. వాళ్లు ఏ తోటలో పాదు తవ్వడానికి వచ్చినా ఒక హత్య తప్పదు, హంతకుణ్ణి పట్టుకోకుండా వాళ్లు ఊరు దాటరు. మూడు విడతల్లో 22 భాగాలు నడిచింది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట సర్బిటన్ పెరట్లో తీసుకున్న పారను ఇంగ్లీషువారు భద్రంగా తుడిచి దాచి, మళ్లీ ఆమె చేతికే ఇచ్చారు. ఈసారి పిడి మార్చారో లేదో గాని, తవ్వే కొద్దీ శవాలు బయటపడటం మాత్రం మొదలైంది.