పది సెలవులకు నలభై రోజులు: ఇంతకీ ఎవరి క్యాలెండర్ ప్రకారం?

ఏటా డిసెంబరు వచ్చేసరికి ఒక రంగురంగుల క్యాలెండర్ బొమ్మ వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. కింద రాసే మాటలు ఏడాదికేడాది కాస్త మారినా సారాంశం మారదు. “వచ్చే ఏడాది పది సెలవులు పెడితే చాలు, నలభై రోజులు మీవే. ఈ తేదీలు దేశమంతటా సెలవులు, బ్యాంకులకూ అవే. మధ్యలో ఖాళీగా మిగిలిన రోజుకు ఒక లీవు అతికించండి. ముందుగా అడిగితే ఆఫీసు కాదనడానికి వీల్లేదు. టికెట్లు ఇప్పుడే తీసుకోండి.” చదువుతుంటేనే కొండ గాలి తగిలినట్టు ఉంటుంది కాబట్టి అందరూ పది మందికి పంపిస్తారు. ఇందులో ఒక్కో మాటనూ పట్టుకుని చూస్తే నిలబడేది ఎంతో తేలిపోతుంది.

“దేశమంతటా సెలవులు” అన్న మాటతోనే మొదలుపెడదాం, మిగతా తప్పులన్నీ దీని పిల్లలే. దేశంలో ప్రతి రాష్ట్రంలోనూ, ప్రతి ఆఫీసులోనూ సెలవుగా ఉండే జాతీయ దినాలు మూడే: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2. మిగిలినవన్నీ రాష్ట్రాన్ని బట్టి, యజమానిని బట్టి మారేవే. ఇప్పుడు 2026 తీసుకోండి. జనవరి 26 సోమవారం, ఆగస్టు 15 శనివారం, అక్టోబరు 2 శుక్రవారం. మధ్యలో మిగిలిన ఒక్క రోజుకు లీవు అతికించి నాలుగు రోజులు కలపాలంటే సెలవు మంగళవారమో గురువారమో పడాలి. ఈ మూడింటిలో ఒక్కటీ అలా పడలేదు. 2027లో జనవరి 26 ఒక్కటి మంగళవారం, ఆగస్టు 15 ఆదివారం, అక్టోబరు 2 శనివారం. మరి పది అతుకులకు పది సెలవులు ఎక్కడి నుంచి వచ్చాయి? నాలుగైదు రాష్ట్రాల జాబితాలను ఒకే బొమ్మలో కలిపేస్తే వచ్చాయి.

సంక్రాంతినే దగ్గరగా చూడండి. 2026లో భోగి జనవరి 14 బుధవారం, సంక్రాంతి గురువారం, కనుమ శుక్రవారం. ఆంధ్రప్రదేశ్‌లో మూడూ సాధారణ సెలవులే. అమరావతి సచివాలయంలో వారానికి ఐదు రోజుల పని కాబట్టి అక్కడి ఉద్యోగికి ఒక్క లీవు కూడా పెట్టకుండా బుధవారం నుంచి ఆదివారం దాకా ఐదు రోజులు వచ్చాయి. తెలంగాణలో కనుమ ఐచ్ఛిక సెలవు. అంటే ముందుగా అర్జీ పెట్టుకుని, ఏడాదికి ఇచ్చే ఐదు ఐచ్ఛిక సెలవుల్లోంచి ఒకటి ఖర్చు చేయాలి. ఆ మర్నాడు మూడో శనివారం, అంటే పనిదినం. దానికి ఒక సీఎల్ (క్యాజువల్ లీవు) కావాలి. ఇక సంక్రాంతి ఒక్కరోజే ఇచ్చే ప్రైవేటు కంపెనీలు హైదరాబాదులో కోకొల్లలు. వాటిలో పనిచేసేవాళ్లకు భోగి కూడా సొంత ఖర్చే. పండుగ ఒకటే, ఊరు కూడా ఒకటే అయి ఉండవచ్చు. అన్నకు ఉచితంగా వచ్చిన రోజు తమ్ముడికి లీవు ఖాతాలోంచి పోతుంది.

అటు తెలంగాణలో ఉండి ఆంధ్రలో లేనివీ ఉన్నాయి: బోనాలు, బతుకమ్మ, క్రిస్మస్ మర్నాడు. కర్ణాటకకు నవంబరు 1 రాజ్యోత్సవం, కేరళకు వరసగా ఓణం రోజులు, తమిళనాడుకు పొంగల్ తర్వాత తిరువళ్లువర్ దినం, ఉళవర్ తిరునాళ్. తమిళనాడు సెలవుల జాబితాలో మన ఉగాది కూడా ఉంటుంది, చెన్నైలో పనిచేసే తెలుగువాళ్లలోనే చాలామంది అది గమనించరు.

జాబితాలో కనిపించిన సెలవు కూడా ఒక్కోసారి అప్పే. తెలంగాణ ప్రభుత్వం జనవరి 1న సెలవిచ్చి, బదులుగా ఫిబ్రవరి రెండో శనివారాన్ని పనిదినం చేస్తూ వచ్చింది. 2025లో అలా ఫిబ్రవరి 8న ఆఫీసులు పనిచేశాయి. చక్కర్లు కొట్టే బొమ్మలో జనవరి 1 ఎర్రగా మెరుస్తుంది, ఫిబ్రవరి రెండో శనివారం కూడా ఎర్రగానే ఉంటుంది.

ఇంతకీ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సెలవుల జీవోను చివరిదాకా చదివేవాళ్లు ఎందరు? ప్రభుత్వ అధీనంలోని పారిశ్రామిక సంస్థలకు, ప్రభుత్వ రంగ సంస్థలకు, విద్యాసంస్థలకు ఈ సెలవులు వాటంతట అవే వర్తించవని, ఆయా శాఖలు విడిగా ఉత్తర్వులు ఇస్తాయని అందులోనే రాసి ఉంటుంది. ప్రభుత్వం తన సొంత సంస్థల విషయంలోనే ఇంత జాగ్రత్తగా మాట్లాడుతుంటే, మనం ఆ జాబితాను పక్క వీధిలోని సాఫ్ట్‌వేర్ కంపెనీకి అంటగడుతున్నాం. ప్రైవేటు ఫ్యాక్టరీలకు, సంస్థలకు రెండు రాష్ట్రాల్లోనూ వేరే చట్టం ఉంది, 1974లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసినది. జాతీయ సెలవులతో పాటు మే 1 కూడా అందులో తప్పనిసరి. పండుగ సెలవులు మాత్రం పరిమితం, అవి ఏ పండుగలకో సంస్థ స్థాయిలో ఖరారవుతాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులది మళ్లీ ఇంకో జాబితా. వాళ్లకు దానికి అదనంగా ఏడాదికి రెండు పరిమిత సెలవులు ఎంచుకునే వీలుంది.

ఇంట్లోంచి పని చేసేవాళ్ల చిక్కు వేరు. విజయవాడలో ఇంట్లో కూర్చుని బెంగళూరు ఆఫీసుకు పనిచేసే అమ్మాయికి సాధారణంగా బెంగళూరు జాబితాయే వర్తిస్తుంది. ఇంటిల్లిపాదీ కనుమ చేసుకుంటుంటే ఆమె లాగిన్ కావాలి. నవంబరు 1న ఆమెకు సెలవు, పిల్లల బడికి లేదు. అమెరికా క్లయింటుతో పనైతే అక్కడి సెలవులు కూడా వచ్చి కూర్చుంటాయి. ఇలాంటి ఇంట్లో భార్య జాబితా, భర్త జాబితా, బడి జాబితా మూడూ ఒకచోట పెట్టి, మూడింటిలోనూ ఉన్న తేదీలకు సున్నా చుడితే ఏడాది మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగులుతాయి. పథకం వేయాల్సింది వాటి చుట్టూనే.

“బ్యాంకులకూ అవే సెలవులు” అన్నది రెండో మాట. బ్యాంకు సెలవులు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ కింద ప్రకటిస్తారు. ఆ సెక్షన్ పుట్టింది ఉద్యోగుల విశ్రాంతి కోసం కాదు. ప్రామిసరీ నోటు గడువు సెలవు రోజున తీరితే ఎప్పుడు చెల్లించాలన్న తగవు తీర్చడానికి. గడువు దానికి ముందున్న పనిదినానికి జరుగుతుందని అది చెబుతుంది. ఈ చట్టం కింద సెలవు ప్రకటించే అధికారం రాష్ట్రాల చేతుల్లోనూ ఉంది. అందుకే రిజర్వు బ్యాంకు విడుదల చేసే జాబితాలో ఒక్కో ప్రాంతీయ కార్యాలయానికి ఒక్కో వరస ఉంటుంది. 2025 దీపావళికి హైదరాబాదు, విజయవాడల్లో బ్యాంకులు అక్టోబరు 20న మూతపడ్డాయి. ముంబయిలో 21న. స్టాక్ ఎక్స్ఛేంజీలు తమ సొంత జాబితా ప్రకారం 21, 22 తేదీల్లో సెలవు పాటించాయి. ఒకే పండుగకు ఇన్ని తేదీలున్నప్పుడు ఏ రోజుకు లీవు అతికించాలో ఆ బొమ్మ ఎలా చెబుతుంది?

శనివారాల సంగతి ఇంకా ఉంది. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు, మిగిలినవి పనిదినాలు. 2026 అక్టోబరు 2 శుక్రవారం, మర్నాడు మొదటి శనివారం. ఐదు రోజుల పనివారం ఉన్నవాడికి అది మూడు రోజుల విరామం, బ్యాంకు గుమాస్తాకు మధ్యలో ఒక పనిదినం. అదే ఏడాది ఆగస్టు 15 మూడో శనివారం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఒక సెలవు వృథా అయినట్టే, బ్యాంకు ఉద్యోగికి మాత్రం లాభం. పోతే, సెలవు రోజున డబ్బు పంపడం కుదరదన్న భయం ఇంకా పెట్టుకోనక్కర్లేదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రోజంతా, అన్ని రోజులూ పనిచేస్తున్నాయి. చెక్కు మాత్రం పనిదినం కోసం ఆగాల్సిందే.

ఇప్పుడు అసలు ఊరింపు, పదికి నలభై. లెక్క ఇలా కట్టారు: గురువారం సెలవు, శుక్రవారం మీ లీవు, శని ఆదివారాలు. ఒక లీవుకు నాలుగు రోజులు, పది లీవులకు నలభై. ఈ నలభైలో పది మీ సొంత లీవులు. మరో పది ఎలాగూ వచ్చే సెలవులు. మిగిలిన ఇరవై శని, ఆదివారాలు. అంటే ముప్పై రోజులు మీరు ఏమీ చేయకపోయినా మీవే. మామిడి చెట్టు మీదున్న కాయలన్నిటినీ లెక్కపెట్టి, ఇవన్నీ నా సలహా వల్లే కాశాయని చెప్పడం లాంటిది ఇది. ఏడాదిలో మీరు ఆఫీసుకు వెళ్లని రోజుల మొత్తం అతికించినా అంతే, అతికించకపోయినా అంతే. నాలుగు లీవులకు తొమ్మిది రోజులు అనే పథకమూ ఇదే బాపతు. ఏ సెలవూ లేని మామూలు వారంలో ఐదు లీవులు పెడితే తొమ్మిది రోజులు వస్తాయి. ఒక సెలవున్న వారంలో నాలుగు పెడితే తొమ్మిది వస్తాయి. మిగిలింది ఒక లీవు, అది కూడా ఆ సెలవు పుణ్యమే. వరసగా రోజులు దొరకడం నిజమైన సుఖమే, దూరప్రయాణానికి అది కావాలి కూడా. కానీ దాని పేరు అమరిక, ఆదాయం కాదు.

పైగా ఇదంతా వారానికి రెండు రోజులు సెలవున్నవాళ్ల లెక్క. దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో వారానికి ఆరు రోజులు పనిచేసేవాళ్లకు గురువారం తర్వాత శుక్ర, శని రెండు లీవులు పెడితే తప్ప ఆదివారం కలవదు. వాళ్ల పది లీవులకు వచ్చేది ఇరవై రోజులే. బొమ్మ తయారుచేసినవాళ్ల దృష్టిలో ఇలాంటివాళ్లు లేనే లేరు.

“లీవు అతికించండి” అనడం తేలిక, ఏ లీవు అన్నదాన్ని బట్టి లెక్క తారుమారవుతుంది. రెండు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనలే చూడండి. సీఎల్ మధ్యలో వచ్చే ఆదివారాలు, సెలవులు సీఎల్ ఖాతాలోకి రావు. అయితే అన్నీ కలిపి ఆఫీసుకు రాని రోజులు పది దాటకూడదు. అదే ఆర్జిత సెలవు (ఈఎల్) పెడితే ముందూ వెనకా ఉన్న సెలవులను అనుమతితో కలుపుకోవచ్చు గాని, మధ్యలో పడిన సెలవులన్నీ లీవు కిందే పోతాయి. దసరా వారంలో తెలియక ఈఎల్ పెట్టిన ఉద్యోగి ఎలాగూ వచ్చే పండుగ సెలవును తన ఖాతాలోంచి కొనుక్కున్నట్టే.

ఫ్యాక్టరీ కార్మికుడికి 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా చెప్పింది. లీవు మధ్యలో గాని, రెండు కొసల్లో గాని వచ్చే సెలవులను లీవులో కలపకూడదని 79వ సెక్షన్ వివరణలోనే రాశారు. ఎంత ఉదారం అనుకునేలోపు అదే సెక్షన్ పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలంది, ఏడాదిలో మూడు విడతలకు మించి తీసుకోకూడదంది. పది విడతల పథకం అక్కడే కూలిపోయింది. ప్రైవేటు కంపెనీల్లో ఉద్యోగులు శాండ్‌విచ్ రూలు అని పిలుచుకునేది ఇంకొకటి ఉంది. శుక్రవారం, సోమవారం లీవు పెడితే మధ్యలోని శని, ఆదివారాలనూ కోసేస్తారు, రెండు పెట్టినవాడికి నాలుగు పోతాయి. అన్ని కంపెనీల్లోనూ లేదు. మీ దాంట్లో ఉందో లేదో నియామక పత్రంతో పాటు ఇచ్చిన, ఎవరూ తెరవని ఆ లీవు పాలసీ కాగితంలో ఉంటుంది.

“ముందుగా అడిగితే ఆఫీసు కాదనడానికి వీల్లేదు” అన్నదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. లీవు సంపాదించుకోవడం హక్కు, ఏ రోజున వాడుకోవాలన్నది మంజూరు చేసేవాళ్ల చేతిలోనిది. మార్చి ఆఖరి వారంలో బ్యాంకు మేనేజరును లీవు అడిగి చూడండి. పైగా ఆ బొమ్మ అందిన పదిమందీ ఒకే శుక్రవారం కోసం అర్జీ పెడతారు కాబట్టి తొమ్మిదిమందికి కాదనక తప్పదు. అసలు ప్రభుత్వ సెలవు సైతం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని 2022 జనవరిలో బాంబే హైకోర్టు తేల్చింది. దాద్రా నగర్ హవేలీ విమోచన దినం ఆగస్టు 2ను సెలవుల జాబితా నుంచి తీసేశారన్న పిటిషన్ మీద వచ్చిన తీర్పు అది.

చివరిది టికెట్ల మాట. డిసెంబరులో కూర్చుని వచ్చే దసరాకు రైలు టికెట్ తీసుకోలేరు. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. విమానం టికెట్ ముందే కొనవచ్చు, కొనేముందు ఆ సెలవు ఏ రకందో చూసుకోండి. రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాదున్నబీ తేదీలు నెలవంకను బట్టి మారవచ్చని, మారితే పత్రికల ద్వారా తెలియజేస్తామని ప్రభుత్వాలు ముందే చెబుతాయి. అలాంటి తేదీకి రద్దు కుదరని టికెట్ కొనడం జూదమే. జనవరి 26, అక్టోబరు 2 లాంటివైతే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. సంక్రాంతికి జనవరి 13న రైలెక్కాలనుకునేవాళ్లు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాల్సిన తేదీ నవంబరు 14, ఉదయం ఎనిమిది గంటలు. ఆ రోజుకు లీవు మంజూరు కాకపోయినా సరే, ముందు టికెట్ తీసుకోండి. రద్దు చేసుకుంటే పోయేది కొంతే, ఆ గంట దాటితే మిగిలేది వెయిటింగ్ లిస్టే.