అక్షర పొదుపు మహోద్యమం

ఈ దేశంలో ఉల్లిపాయలకి కరువొచ్చింది, చిల్లరకి కరువొచ్చింది, అక్షరాలకి మాత్రం ఎన్నడూ రాలేదు. అయినా మన ప్రోగ్రామర్లు కోడులో పెట్టే పేర్లని కుదించి ముందుజాగ్రత్తగా పొదుపు చేస్తున్నారు. ఈ త్యాగాన్ని ప్రభుత్వం ఇంకా గుర్తించకపోవడం శోచనీయం.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఓ మేడమీది ఆఫీసు. కొత్తగా చేరిన కుర్రాడికి సందేహం వచ్చి, కోడు రాసిన మావాణ్ని అడిగాడు.

"అన్నా, ఈ సీఎస్‌టీ ఏటి? కస్టమరా, కాస్టా?"

"ఫైలుని బట్టి ఉంటాదిరా. బిల్లింగులో కస్టమరు, స్టాకులో కాస్టు."

"మరి రిపోర్టుల్లో?"

"అక్కడ రెండూ ఉన్నాయి. స్మాల్ సీ కస్టమరు, క్యాపిటల్ సీ కాస్టు."

పలకడంలో అర మాత్ర కాలం తగ్గితే వైయాకరణులకి కొడుకు పుట్టినంత సంబరమట. ఈ లెక్కన మావాడికి కవలలు. కాకపోతే పాణిని 'అచ్', 'హల్' అని పొట్టిగా అనే ముందు ఆ పొట్టిపేర్లని విప్పే పద్నాలుగు మాహేశ్వర సూత్రాలు చేతిలో పెట్టాడు. మావాడు వైఫై పాస్‌వర్డు ఒక్కటే పెట్టాడు.

పూర్వీకులకి సాకుంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పుట్టిన రోజుల్లో, కంప్యూటరుకి తగిలించిన టెలిటైపు యంత్రం సెకనుకి 10 అక్షరాలు కొట్టేది. 1989 నాటి సీ భాష ప్రమాణం కూడా ఫైళ్ల మధ్య పంచుకునే పేర్లలో మొదటి 6 అక్షరాలకే పూచీ పడింది. అంత ఇరుకులో బతికిన, యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్‌నే, యూనిక్స్‌ని మళ్లీ రాస్తే ఏం మారుస్తావని అడిగితే, ఫైలు సృష్టించే 'క్రియేట్' ఆజ్ఞ పేరు చివర తను ఎగ్గొట్టిన 'ఈ' తగిలిస్తానన్నాడు. ఇప్పుడు రెండక్షరాలు కొడితే మిగతాది ఎడిటరే పూరిస్తోంది. అయినా పొదుపు ఆగదు. అలవాటైన చెయ్యి కదా!

పూర్తి పేర్ల పార్టీ కూడా ఏం తక్కువ తినలేదు. జావా భాషవాళ్ల రెడీమేడ్ కోడు సరంజామా స్ప్రింగ్‌లో 'అబ్‌స్ట్రాక్ట్ సింగిల్‌టన్ ప్రాక్సీ ఫ్యాక్టరీ బీన్' అనే క్లాసు నిజంగానే ఉంది. రైలుపెట్టెల్లా ఐదు మాటలు, ఇంజను ఎటుందో తెలీదు.

పొట్టిపేరు అసలు గొప్పతనం ఆయుష్షులో ఉంది. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి రైల్వే కోడు సీహెచ్ఈ. ఇప్పుడు ఇంగ్లీషులో రాసే Srikakulamలో ఆ మూడక్షరాల్లో ఒక్కటీ తగలదు. అది దొరల నాటి చికాకోల్ తాలూకు శేషం. దొరలు పోయారు, చికాకోల్ పోయింది, కోడు మాత్రం ఇవాళ్టికీ టికెట్లు కోస్తోంది. కోడులో పెట్టిన పేరు మార్చడమంటే ఊరి పేరు మార్చినంత తేలిక కాదు మరి.

మావాడు ఈమధ్యే ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లాడు. నిన్న కుర్రాడు మావాడికి ఫోన్ చేశాడు.

"అన్నా, ఎక్స్‌ఆర్‌బీ2 అంటే ఏటి?"

"గుర్తులేదురా. తియ్యకు మాత్రం, బిల్లులు ఆగిపోతాయి."