మహారాజశ్రీ క్లచ్ పెడల్ గారికి

మహారాజశ్రీ క్లచ్ పెడల్ గారి సముఖమునకు,

హైదరాబాదు నుంచి తమ ఎడమ పాదదాసుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఉభయకుశలమని అలవాటుకొద్దీ రాసేశాను గానీ, మనిద్దరిలో కుశలంగా ఉన్నదెవరండీ? సాయంత్రం పూట మాసబ్ ట్యాంక్ నుంచి మెహదీపట్నం చేరేసరికి నా ఎడమ మోకాలు నాది కాదు. తమరి వైపు నుంచేమో మాడు వాసన. ఆ వాసన లోపలికి వచ్చినప్పుడల్లా మా ఆవిడ ముందు పక్కనున్న లారీని అనుమానిస్తుంది. ఆ తర్వాత నావైపు చూస్తుంది.

తమరి పక్కింటి బ్రేకు గారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నొక్కితే ఆపుతారు. యాక్సిలరేటర్ గారూ అంతే, నొక్కితే పరిగెత్తిస్తారు. నొక్కినందుకు పని జరగాలన్నది లోకమర్యాద. తమరి తీరు వేరు. తమర్ని నొక్కితే ఉన్న బంధం తెగుతుంది, వదిలితే కలుస్తుంది. కలిసేది ఎక్కడో ముందుగా చెప్పరు. రెండంగుళాలు వదిలినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇంకాస్త వదిలితే బండి ఒక్క గంతు వేసి చచ్చూరుకుంటుంది. వెనకున్న ఆటోవాడు హారన్‌తో మా వంశాన్నంతా పలకరిస్తాడు.

న్యాయం మాట్లాడాలంటే తమరి ఉద్యోగమూ సుఖమైనదేం కాదు. ఇంజిన్ ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా నిమిషానికి 800 చుట్లకు అటూ ఇటూగా తిరుగుతూనే ఉండాలి, ఆగితే ఆరిపోతుంది. సిగ్నల్ దగ్గర చక్రాలు చూస్తే కదలవు, మెదలవు. ఒకరిది తిరుగుడు, ఇంకొకరిది మొద్దునిద్ర. ఈ ఇద్దరికీ సంబంధం కుదర్చాల్సిన పెళ్ళిళ్ళ పేరయ్య తమరు. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీలుకీ, దానివైపు అదిమే ప్రెషర్ ప్లేటుకీ నడుమ క్లచ్ ప్లేటును కూర్చోబెట్టి, రాపిడి పెట్టి, ఇద్దరి వేగమూ ఒకటయ్యేదాకా ఒప్పిస్తారు. ఒప్పించేటప్పుడు పుట్టే వేడిలో ప్లేటు కాస్త కాస్త అరుగుతుంది, అది తమరి దళ్ళాలి. దళ్ళాలి తీసుకోండి, కాదనను. పది నిమిషాల ట్రాఫిక్కుకే ప్లేటంతా గుంజుకుంటే ఎట్లా?

దీనికి బాధ్యత తమరొక్కరిదే కాదు. తమర్ని మాకు పరిచయం చేసిన డ్రైవింగ్ స్కూలు గురువుగారికీ వాటా ఉంది. ఆయన దగ్గర మంత్రం ఒక్కటే: "క్లచ్ ఒత్తు సార్! ఒత్తు! అరె, ఒత్తు!" కుక్క అడ్డమొచ్చినా అదే, స్పీడ్ బ్రేకర్ వచ్చినా అదే, ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చినా అదే. నొక్కడానికి గురువెందుకండీ, కాలు బరువుంటే చాలు. వదలడం కదా నేర్పాల్సింది! దానికి ఆయన దగ్గరున్న విద్య అంతా "మెల్లగ ఇడువు సార్, మెల్లగ" అన్న రెండు ముక్కలే. ఎక్కడ మెల్లగా? కిందినుంచి పై దాకా అంతా మెల్లగానా? శిష్యుడు పాపం అదే నమ్మి, ఏమీ జరగని మొదటి భాగంలో అరనిమిషం గడిపి, అంతా జరిగే ఆ చిన్న జాగాకి వచ్చేసరికి విసుగెత్తి కాలు తీసేస్తాడు. బండి గంతేస్తుంది.

జరగాల్సింది తిరగేసి. పట్టు దొరికే చోటిదాకా చకచకా వచ్చేయొచ్చు. బండి ముక్కు రవ్వంత లేచినట్టనిపిస్తుంది, ఇంజిన్ గొంతు కొద్దిగా బరువెక్కుతుంది. అక్కడ కాలు ఆపాలి. చక్రాలు కదిలి రెండు మూడు అడుగులు పోయేదాకా అక్కడే ఉంచాలి. ఆ తర్వాత తమరి అవసరం లేదు, పూర్తిగా వదిలేయడమే. ఖాళీ మైదానంలో, యాక్సిలరేటర్ జోలికే పోకుండా, ఒట్టి తమరితోనే బండిని కదిలించడం ఒక పూట సాధన చేయిస్తే చాలు, ఎడమకాలికి బుద్ధి వస్తుంది. ఇప్పటి పెట్రోలు బళ్ళలో చాలావరకు ఇంజినే తన చుట్లు తాను సర్దుకుంటుంది గనక చదును నేల మీద బండి నిక్షేపంగా కదులుతుంది కూడా. ఏ స్కూల్లో నేర్పుతారండీ ఇది? నేర్పితే ఆయన వైపున్న తమరి కవల తమ్ముడికి పనేముంటుంది! శిష్యుడు చెమటలు కక్కుతుంటే, గురువుగారు ఎడమ సీట్లో చెప్పులు విప్పుకుని, ఫోన్లో చిట్టీ పాట సంగతులు మాట్లాడుతూనే తన పెడల్‌తో బండిని పువ్వులా నడిపిస్తారు. శిష్యుడికి మాత్రం ఇంటికెళ్ళి "నాకు వచ్చేసింది" అని చెప్పుకునే భాగ్యం దక్కుతుంది.

సర్కారు వారికి తమరంటే ఎంత గౌరవమో తమకు తెలుసో లేదో. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో డ్రైవింగ్ పరీక్ష గురించి చెప్పే పదిహేనో నిబంధన చూడండి. నిటారు ఎత్తు మీద బండిని ఆపి, ఇసుమంత కూడా వెనక్కి జారకుండా, సాఫీగా మళ్ళీ కదిలించాలట. దిగుడులో వెంటనే కింది గేరులోకి మార్చాలట. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. ఇక ట్రాక్ దగ్గర అభ్యర్థి చెవిలో పడే ఉపదేశం ఇది: "ఫస్ట్ గేర్‌లనే పోనీ సార్, రేజ్ ఇయ్యకు, క్లచ్ మీదనే తిప్పు." అట్లా ఎనిమిది చుట్టి, హెచ్ చుట్టి, రెండో గేరు ముఖమైనా చూడకుండా లైసెన్సు జేబులో వేసుకున్న మహానుభావులు మన రోడ్ల మీద కోకొల్లలు. బ్రిటన్‌లో ఆటోమేటిక్ బండి మీద పరీక్ష పాసైనవాడు తమరున్న బండి ముట్టుకోకూడదు. మన దగ్గర స్కూటర్‌కి గేరుందా లేదా అని అడుగుతారు గానీ, కారు దగ్గరికొచ్చేసరికి ఆ పట్టింపు లేదు. అంత పెద్ద మనసు.

గేర్లు మార్చడం దగ్గర కూడా తమరి మీద పడే నిందల్లో సగం తమరివి కావని ఒప్పుకుంటాను. మనవాళ్ళు గేరు రాడ్డును పిడికిలి బిగించి పట్టుకుని, బోరింగు కొట్టే బలంతో గుంజుతారు. లోపల సింక్రోమెష్ అని ఒక సదుపాయం ఉంది. 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది. కలవబోయే రెండు భాగాల వేగాన్ని ముందుగా ఒక్కటి చేసే ఇత్తడి రింగుల ఏర్పాటు అది. దానికి అరక్షణం వ్యవధి కావాలి. అరచేత్తో నెట్టి, న్యూట్రల్ దగ్గర రెప్పపాటు ఆగితే గేరు దానంతటదే లోపలికి జారుతుంది. ఆ అరక్షణం ఇవ్వడానికి మన దగ్గర ఓపికేదీ? సిగ్నల్ మాత్రం నిమిషం ముందే హారన్ కొట్టి పచ్చగా చేయాలని చూస్తాం.

పై గేరుకి వెళ్ళేటప్పుడు ఏదోలా నెట్టుకొస్తారు. కిందికి దిగేటప్పుడే అసలు భాగోతం. మూడో గేరులో ఇంజిన్ 2000 చుట్లు తిరుగుతోందనుకోండి. అదే వేగంలో రెండో గేరు వేస్తే, బండిని బట్టి 2800, 2900 దాకా తిరగాలి. ఆ తేడా ఎవరు పూడ్చాలి? కుడికాలు కొంచెం రేజ్ ఇచ్చి ఇంజిన్‌ని పైకి తెస్తే తమరు హాయిగా కలుపుతారు. ఇవ్వకపోతే ఆ తొమ్మిది వందల చుట్ల భారమూ తమరి ప్లేటు మీద పడుతుంది, వెనక సీట్లో అమ్మమ్మ ముందు సీటు మీద పడుతుంది. పాత లారీ డ్రైవర్లకు సింక్రోమెష్ సుఖం లేదు గనక క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లోకి తెచ్చి, వదిలి, రేజ్ ఇచ్చి, మళ్ళీ తొక్కి గేరు వేసేవారు. డబుల్ క్లచ్ అనేవారు దాన్ని. నోట్లో బీడీ కదలకుండా చేసేవారు ఆ పని. వాళ్ళెవరూ స్కూలు పెట్టలేదు, అదీ మన ఖర్మ.

మైలేజీ భక్తుల సంగతి విడిగా చెప్పాలి. ముప్ఫై వేగంలో ఐదో గేరు వేసేసి, ఇంజిన్ గుడగుడమని ఏడుస్తుంటే "చూశావా, ఎంత ఆదా అవుతోందో" అని మురిసిపోయే పెద్దలు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. వీళ్ళే దిగుడు కనబడగానే న్యూట్రల్ చేస్తారు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు పూర్తిగా కట్టేస్తాయి. న్యూట్రల్‌లో పెడితే ఆరిపోకుండా ఉండటానికి కొంత తాగుతూనే ఉంటాయి. అంటే ఈ భక్తులు ఖర్చు పెట్టి మరీ ప్రమాదాన్ని కొనుక్కుంటున్నారన్నమాట. తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ముందు బండి బ్రేకు లైట్లు ఆగకుండా వెలుగుతున్నాయంటే, అందులో వీరిలో ఒకరున్నట్టే. ఎక్కిన గేరులోనే దిగాలని లారీవాళ్ళు అంటారు. ఆ ముక్క వింటే బ్రేకు గారికి పొగలు కక్కే పని ఉండదు, స్వామివారికీ అదనపు మొక్కులు వినే బాధ తప్పుతుంది.

పోయిన సంక్రాంతికి భీమవరంలో తమరు చేసిన ఘనకార్యం మాత్రం మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటున్నారు. మా తోడల్లుడు టెక్సస్ నుంచి వచ్చాడు. అక్కడ ఎనిమిది వరసల రోడ్డు మీద ఒంటిచేత్తో నడుపుతాడు. మామగారు తమరున్న పాత డీజిల్ బండి తాళాలు చేతికిచ్చి, "అల్లుడు గారూ, ఓసారి బజారు దాకా వెళ్ళొద్దాం, తీయండి" అన్నారు. తోడల్లుడు వేలితో తాళం తిప్పుకుంటూ దర్జాగా కూర్చున్నాడు. గేరులో ఉన్న బండిని తమరి జోలికి రాకుండానే స్టార్ట్ చేశాడు. బండి ఒక్క ఉదుటున ముందుకి ఉరికి, గేటు దగ్గర ముగ్గులో గొబ్బెమ్మను తొక్కి ఆగింది. రెండోసారి తమర్ని తొక్కాడు, వదిలాడు, గంతు. మూడోసారికి అరుగు మీదున్న పక్కింటాయన చంకలో కోడిపుంజుని సర్దుకుంటూ, "అమెరికాలో అన్నీ ఇలాగే కుదుపుతాయేంటండీ?" అని అడిగాడు. మామగారు పెద్దమనిషి. "బండికే ఏదో అయింది బాబూ, మీరు ఇటు రండి" అని తానే స్టీరింగ్ ముందు కూర్చున్నారు. మా ఆవిడ చెల్లెలు ఆ పూట బొబ్బట్లు కూడా సరిగ్గా వడ్డించలేదు.

ఇంత వైభవం వెలగబెట్టిన తమరికి రోజులు దగ్గరపడ్డాయని జనం అంటున్నారు. 2014లో మారుతి సెలెరియో కారు వచ్చింది, గేర్లు తానే మార్చుకునే ఏఎంటీ అన్నారు. లోపల ప్లేటు అలాగే ఉంది, తొక్కే పని మాత్రం యంత్రానికి అప్పగించి తమర్ని పీకేశారు. 2020లో హ్యుందాయ్ వారి వెన్యూ ఐఎంటీ అని ఇంకో చిత్రం: గేరు రాడ్డు ఉంది, మార్చేదీ మనమే, తమరొక్కరే లేరు. కరెంటు బళ్ళలోనైతే గేర్ల ఊసే లేదు. ఏఎంటీ వాళ్ళని అడిగితే గేరు మారినప్పుడల్లా బండి ఓ తల ఊపు ఊపుతుందని చెబుతారు. యంత్రానికి కూడా తమరిని వదలడం వెంటనే అబ్బలేదని విని నా ఎడమకాలికి కొంత ఊరట కలిగింది.

కాబట్టి నా విన్నపం చిన్నది. జూబ్లీహిల్స్ ఎత్తుల మీద, వెనక బైకు మీదివాడు బంపరుకి ముద్దు పెట్టేంత దగ్గరగా నిలబడినప్పుడు, నేను హ్యాండ్ బ్రేకు వేసి, తమరి పట్టు దొరికేదాకా ఆగి, ఆ తర్వాతే దాన్ని దించుతాను. ఆ కాసేపు తమరు నిలకడగా ఉండండి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి తమరి మీదనుంచి కాలు తీసేస్తాను, తమర్ని తొక్కినంతసేపూ నలిగే రిలీజ్ బేరింగుకి సెలవు దొరుకుతుంది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కూడా తమరి నెత్తిన పాదం ఆనించి పడుకోబెట్టే అలవాటు మా ఇంట్లో ఒకరికి ఉంది. పేరు చెబితే నాకు అన్నం పుట్టదు. తమరే పసిగట్టి వారి సంగతి చూసుకోగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎడమకాలు గల ఒక కారు యజమాని

తా.క.: మా బావమరిది మొన్న ఆటోమేటిక్ కొన్నాడు. మొదటి రోజే సిగ్నల్ దగ్గర వాడి ఎడమకాలు తమరి కోసం వెతికి, తమరు దొరక్క, తమర్ని తొక్కే బలంతోనే బ్రేకుని తొక్కింది. వెనక సీట్లో మా అత్తగారి ఒళ్ళో ఉన్న పులిహోర డబ్బా ముందు అద్దం దాకా వచ్చింది. డిక్కీలోంచి కూడా మెతుకులు ఏరుతున్నారు.